పండక్కి ఊరెళ్తే పిల్లి బోర్డింగ్‌లో.. ఆ నాలుగు రోజులు లిట్టర్ బాక్స్ ఎవరు చూస్తున్నారు?

సంక్రాంతి వస్తే హైదరాబాద్ సగం ఖాళీ. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారులు, ఎంజీబీఎస్‌లో స్పెషల్ బస్సులు, రైళ్లలో వెయిటింగ్ లిస్టులు.. ఏటా చూసేదే. కొన్నేళ్లుగా దీనికి ఇంకో సీన్ తోడైంది. ఊరికి బయల్దేరే ముందు కారు కొండాపూర్‌లోనో మణికొండలోనో ఓ పెట్ బోర్డింగ్ సెంటర్ ముందు ఆగుతుంది. ప్లాస్టిక్ క్యారియర్‌లో ముడుచుకుని కూర్చున్న పిల్లిని అప్పజెప్పి, ఫుడ్ ప్యాకెట్ చేతికిచ్చి, 'కాస్త జాగ్రత్తగా చూసుకోండి' అని చెప్పి కుటుంబం హైవే ఎక్కేస్తుంది.

మర్నాడు భోగి మంటల ఫొటోల మధ్యలో వాట్సాప్‌లో ఓ మెసేజ్. 'మేడమ్, మీ పిల్లి లిట్టర్ వాడట్లేదు'.

దీన్ని ఎవరూ పెద్ద విషయంగా తీసుకోరు. 'కొత్త చోటు కదా, అలవాటవుతుందిలే' అని యజమానులు అనుకుంటారు. 'పరుపు మీద పోసేసింది, మళ్లీ మళ్లీ కడగాల్సి వస్తోంది' అని సెంటర్‌లో పనిచేసేవాళ్లు విసుక్కుంటారు. చాలాసార్లు రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుంది కూడా. కానీ కొన్నిసార్లు సర్దుకోదు. ఆ కొన్నిసార్లలో పిల్లి ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి ఉంటుంది. మొదటి రోజు పైపైన చూస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే.

అందుకే బోర్డింగ్‌లో లిట్టర్ బాక్స్‌ను శుభ్రత వ్యవహారంగా చూస్తే సరిపోదు. ఏ పిల్లి ఎప్పుడు, ఎంత, ఎక్కడ పోసింది అన్నది దాని హెల్త్ రిపోర్ట్. ఆ రిపోర్ట్ రాసేవాళ్లు ఉన్న సెంటర్లు ఎన్ని ఉన్నాయన్నదే పండగ సీజన్‌లో అడగాల్సిన ప్రశ్న.

నాలుగు రోజుల లెక్క

కుక్కకు మనిషి తోడు ముఖ్యం. పిల్లికి చోటు ముఖ్యం. తన వాసన ఉన్న గోడలు, తను పడుకునే కుర్చీ, తను పోసే మూల.. ఇవన్నీ ఒక్కసారిగా మాయమైతే పిల్లికి భూమి కదిలినట్టే.

ఈ ఒత్తిడి ఎన్నాళ్లుంటుంది? దీనిపై స్విట్జర్లాండ్‌కు చెందిన కెస్లర్, టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ప్రామాణికమే. బోర్డింగ్‌కు వచ్చిన 140 పిల్లులను రెండు వారాల పాటు గమనించి, వాటి ఒత్తిడికి స్కోర్ వేశారు. తేలింది ఏంటంటే.. ఒత్తిడి బాగా ఎక్కువగా ఉండి, గట్టిగా తగ్గేది మొదటి నాలుగు రోజుల్లోనే. రెండు వారాలు ముగిసేసరికి మూడింట రెండొంతుల పిల్లులు బాగానే అలవాటుపడ్డాయి. మిగతా వాటికి కష్టంగానే గడిచింది. నూటికి నాలుగు పిల్లులు మాత్రం అసలు అలవాటుపడలేదు.

ఇప్పుడు మన పండగ లెక్క చూద్దాం. భోగి, సంక్రాంతి, కనుమ, ప్రయాణానికి అటొక రోజు ఇటొక రోజు. మొత్తం నాలుగైదు రోజులు. అంటే పిల్లి బోర్డింగ్‌లో ఉండేది సరిగ్గా దానికి అత్యంత కష్టమైన రోజుల్లోనే. కాస్త కుదురుకునే సమయానికి మళ్లీ క్యారియర్, మళ్లీ ప్రయాణం. నెల రోజులు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లి కన్నా, నాలుగు రోజుల పండక్కి వదిలేసిన పిల్లికే రోజువారీ లెక్కన ఒత్తిడి ఎక్కువ పడొచ్చు. వినడానికి విచిత్రంగా ఉన్నా లెక్క మాత్రం అదే చెబుతోంది.

ఒత్తిడికీ లిట్టర్ బాక్స్‌కీ సంబంధం ఏంటన్న అనుమానం రావొచ్చు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి సమాధానం ఉంది. చూసుకునే మనిషి మారడం, తిండి వేళలు మారడం లాంటి చిన్న చిన్న మార్పులు వచ్చిన వారాల్లో పిల్లులు తిండి తగ్గించాయి, బాక్స్ బయట పోయడం పెరిగింది. మూత్రకోశ జబ్బు ఉన్న పిల్లులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవీ అలాగే చేశాయి. 'మా పిల్లి ఇంట్లో ఎప్పుడూ ఇలా చేయలేదండీ' అని యజమానులు చెప్పేది నిజమే. ఇంట్లో చేయదు కాబట్టే బోర్డింగ్‌లో చేసిందంటే దానికి అర్థం ఉంది.

బాల్కనీ ఇసుక నుంచి సెంటు లిట్టర్‌కి

మన ఇళ్లల్లో చాలా పిల్లులకు దుకాణంలో కొన్న లిట్టర్ తెలియదు. బాల్కనీలో పాత టబ్బు, అందులో కట్టుబడి ఇసుక. లేదా పెరట్లో మట్టి. కొన్ని ఇళ్లల్లో పాత న్యూస్‌పేపర్ ముక్కలు. పిల్లి చిన్నప్పుడు ఏ నేల మీద కాళ్లతో గీరి పోయడం నేర్చుకుంటుందో, పెద్దయ్యాక కూడా అదే వెతుక్కుంటుంది. అలాంటి పిల్లిని తీసుకెళ్లి లావెండర్ వాసన కొట్టే బెంటోనైట్ లిట్టర్ ముందో, చెక్క గుళికల ముందో నిలబెడితే అది టాయిలెట్ అని దానికి ఎలా తెలుస్తుంది? పక్కనే మెత్తగా ఉన్న టవల్ దానికి ఇసుకకు దగ్గరగా అనిపిస్తుంది. ఇది మొండితనం కాదు. నిజానికి దుకాణంలో అమ్మే లిట్టర్‌కు వయసు కూడా పెద్దగా లేదు. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్ లో అనే వ్యాపారి మట్టి గుళికలను సంచుల్లో కట్టి అమ్మడం మొదలుపెట్టే దాకా అక్కడి ఇళ్లల్లోనూ ఇసుక, బూడిదే గతి.

దీనికి విరుగుడు చాలా సులువు, ఖర్చు కూడా లేదు. ఇంట్లో వాడే ఇసుకో లిట్టరో నాలుగు రోజులకు సరిపడా పిల్లితోపాటే పంపాలి. అందులో వాడిన లిట్టర్ ఓ గుప్పెడు కలిపితే ఇంకా మంచిది. యజమానులకు ఇబ్బందిగా అనిపించొచ్చు గానీ, ఆ వాసనే పిల్లికి బోర్డు. వీలైతే ఇంట్లో ట్రేనే ఇచ్చేయాలి.

ట్రే సైజు దగ్గర చాలా సెంటర్లు దెబ్బతింటాయి. అమెరికా పిల్లుల వైద్యుల సంఘం, అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఎఫ్ఎం కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బాక్స్ పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ లెక్కన బాగా ఎదిగిన పర్షియన్ పిల్లికి రెండడుగుల పైనే ట్రే కావాలి. రెండడుగుల బోనులో రెండడుగుల ట్రే పెడితే ఇక పిల్లి ఎక్కడ పడుకోవాలి? అందుకే చిన్న ట్రే పెడతారు. పిల్లి లోపల నిలబడుతుంది, వెనక భాగం మాత్రం బయటే ఉంటుంది. 'బయట పోసింది' అని ఫిర్యాదు. పాపం పిల్లి తన వంతు ప్రయత్నం చేసింది.

తిండి గిన్నె ఓ మూల, ట్రే దాని పక్కనే. ఇది ఇంకో తప్పు. తినే చోట పోయడం పిల్లికి ఇష్టం ఉండదు. చోటు లేక అలా పెడితే కొన్ని తిండి మానేస్తాయి, కొన్ని ట్రే మానేస్తాయి. తిండి మానేయడాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

వీటన్నిటికంటే పెద్ద సమస్య మాత్రం కుక్కలు. మన దగ్గర బోర్డింగ్ అంటే ఎక్కువగా కుక్కల వ్యాపారమే. అదే కప్పు కింద, ఓ గది పక్కకు కేటాయించి పిల్లులను కూడా తీసుకుంటారు. పండగ రోజుల్లో పదిహేను కుక్కలు ఒకేసారి మొరుగుతుంటే, పిల్లి ట్రే దాకా నడిచి, గుంట తవ్వి, కూర్చుని, పూడ్చి రావాలి. ఆ నిమిషంలో అది ఎటూ పారిపోలేదు, అందుకే ఆ సమయంలో పిల్లికి భయం ఎక్కువ. దాక్కునే చోటు లేకపోతే మూలన ముడుచుకుని ఆపుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు షెల్టర్‌కు కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కోవడానికి పెట్టెలు ఇచ్చి చూశారు. పెట్టె దొరికిన పిల్లులు దొరకని వాటికన్నా త్వరగా కుదుటపడ్డాయని 2014లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చింది. లక్షలు పెట్టి ఏసీ సూట్లు కట్టక్కర్లేదు. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెకు ఓ కంత కోసి లోపల పెట్టినా పనవుతుంది.

'పోయట్లేదు' అనే మాటకు రెండు అర్థాలు

ఇక అసలు విషయం. మూత్రం పోయాలని లేక ఆపుకోవడం వేరు. పోయాలని ఉన్నా రాకపోవడం వేరు.

ఒత్తిడి వల్ల పిల్లి మూత్రకోశంలో వాపు రావొచ్చు. పశువైద్యులు దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. వయసులో ఉన్న పిల్లుల్లో మూత్ర సమస్యలకు సగానికి పైగా ఇదే కారణం. సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్ వీటిలో అంత తరచుగా ఉండదు. కాబట్టి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేసేస్తే పని కాదు. నొప్పి అని మనుషుల పారాసిటమాల్ వేస్తే అది పిల్లికి విషమే, ఒక్క మాత్ర కూడా చంపేయగలదు.

ఆడపిల్లుల్లో ఈ వాపు ఇబ్బంది పెట్టి, సాధారణంగా తగ్గుతుంది. మగపిల్లుల సంగతి వేరు. వాటి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. వాపు, జిగురు, సన్నటి స్ఫటికాలు కలిసి అక్కడ బిరడాలా అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఆపరేషన్ చేయించిన మగపిల్లులకు కూడా ఈ ముప్పు ఉంది. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఇది రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదు.

తేడా ఎలా తెలుస్తుంది? ఒత్తిడితో ఆపుకునే పిల్లి ట్రే దగ్గరికే పోదు. పెట్టెలో నక్కి ఉంటుంది. నాళం మూసుకుపోయిన పిల్లి అచ్చం కాలు కాలిన పిల్లే. ట్రేలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, ముక్కుతుంది, ఒకటి రెండు చుక్కలు రాలుస్తుంది లేదా అదీ ఉండదు, బయటికొస్తుంది, ఐదు నిమిషాల్లో మళ్లీ వెళ్తుంది. మధ్యలో అరుస్తుంది. వెనక భాగాన్ని నాకుతూనే ఉంటుంది. చూసేవాళ్లు 'మలబద్ధకం' అనుకుని పొరబడేది ఇక్కడే. ఆ తర్వాత వాంతులు, చివరికి కదలకుండా పడుకోవడం. అలా పడుకున్నప్పుడు 'హమ్మయ్య, అలవాటుపడింది' అని అనుకుంటే అంతే సంగతులు.

మగపిల్లి ఇలా ముక్కుతూ కనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి, అర్ధరాత్రైనా సరే. ముక్కడం లేకపోయినా, వచ్చి పూర్తిగా ఒక రోజు గడిచాక కూడా ఎక్కడా తడి కనిపించకపోతే వెట్‌కు ఫోన్ చేయాల్సిందే.

ఇక్కడే రికార్డు అవసరం తెలుస్తుంది. గడ్డకట్టే లిట్టర్‌లో ప్రతిసారీ ఓ ఉండ తయారవుతుంది. మామూలు పిల్లికి రోజుకు రెండు నుంచి నాలుగు. ఉండలు లెక్కపెట్టి, సైజు చూసి కాగితం మీద రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఒక్కసారిగా గోలీకాయంత ఉండలు పది కనిపించాయంటే అది పెద్ద హెచ్చరిక. ఇసుక, చెక్క గుళికల్లో లెక్క అంత సులువు కాదు, కాబట్టి తడి మచ్చలు వెతికే ఓపిక ఉండాలి.

ఈ మధ్య 'కేజ్ ఫ్రీ' అని ప్రచారం చేసుకునే సెంటర్లు ఎక్కువయ్యాయి. బోన్లు లేని పెద్ద గది, సోఫాలు, చెట్టులాంటి స్టాండ్లు. ఫొటోల్లో బాగుంటుంది. కానీ వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన ఆరు పిల్లులు, నాలుగు ట్రేలు ఉన్న గదిలో ఏ ఉండ ఎవరిదో ఎవరు చెప్పగలరు? గదిలో దాదాగిరీ చేసే ఓ గండుపిల్లి ట్రే దారిలో పడుకుంటే చాలు, మిగతావి ఆపుకుంటాయి. ఒకటి రోజంతా పోయకపోయినా ట్రేలు నిండుగానే కనిపిస్తాయి. ఒంటరి గది చూడ్డానికి జైలులా ఉన్నా, నాలుగు రోజుల బసకు అదే మేలు.

ఫినాయిల్ వాసన

బోర్డింగ్ సెంటర్‌లో అడుగుపెట్టగానే ఘాటుగా ఫినాయిల్ వాసన వస్తే మనవాళ్లకు నమ్మకం కుదురుతుంది. శుభ్రంగా ఉంచుతున్నారని. పిల్లి విషయంలో ఇది తలకిందులు. ఫీనాల్ రకం రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. ఫినాయిల్‌తో కడిగిన నేల మీద నడిచి, ఆ పాదాలు నాకితే విషం నేరుగా లోపలికి వెళ్తుంది. పైగా ఆ ఘాటు వాసన ఉన్న ట్రేలోకి పిల్లి వెళ్లదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇంకో రకం. వాటి వాసన మూత్రంలాగే ఉంటుంది కాబట్టి అదే చోట మళ్లీ పోయమని పిలిచినట్టు అవుతుంది.

రోజూ మలమూత్రాలు ఏరేసి, వాసన లేని సబ్బుతో ట్రే కడిగి, ఆరబెడితే చాలు. ఒక పిల్లి వెళ్లి ఇంకోటి వచ్చేటప్పుడు మాత్రం సబ్బు చాలదు. పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా వైరస్ మొండిది, మామూలు క్లీనర్లకు చావదు. దానికి పలుచన చేసిన బ్లీచ్ కావాలి. మూత్రం పూర్తిగా కడిగాకే బ్లీచ్ వాడాలి, లేదంటే విషవాయువు వస్తుంది. ఆ తర్వాత నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. ఒకే స్కూప్‌తో అన్ని ట్రేలూ ఎత్తడమంటే ఒక పిల్లి జబ్బును అన్నిటికీ పంచడమే. పనిచేసేవాళ్లలో గర్భిణులు ఉంటే టాక్సోప్లాస్మా ముప్పు వల్ల ట్రేల పని వాళ్లకు అప్పగించకూడదు.

చట్టం ఎక్కడుంది?

ఇంగ్లండ్‌లో పిల్లుల బోర్డింగ్‌కు స్థానిక కౌన్సిల్ లైసెన్స్ తప్పనిసరి. నిబంధనల్లో లిట్టర్ ట్రే గురించే నేరుగా రాశారు. ప్రతి పిల్లి గదిలో ఎప్పుడూ ట్రే, సురక్షితమైన లిట్టర్ ఉండాలి. పోసే చోటికి దూరంగా తినడానికి, పడుకోవడానికి జాగా ఉండాలి. ఇతర పిల్లులకు, మనుషులకు కనపడకుండా దాక్కునే చోటు ఉండాలి. వేర్వేరు ఇళ్ల పిల్లులను ఒకే గదిలో పెట్టకూడదు.

మన దేశంలో కుక్కల పెంపకందారులకు 2017లో, పెట్ షాపులకు 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అవి ప్రధానంగా అమ్మకాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వారం రోజులు డబ్బు తీసుకుని చూసుకునే చోట పిల్లి ట్రే ఎంతుండాలో చెప్పేవి కావు. ఇక 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. కదలడానికి చాలని బోనులో పెట్టడం, చాలినంత తిండి, నీళ్లు పెట్టకపోవడం దాని ప్రకారం నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇప్పుడు ఆ డబ్బుకు లిట్టర్ ప్యాకెట్ కూడా రాదు.

యజమానులకు కాస్త పట్టు దొరికేది వినియోగదారుల చట్టంలోనే. డబ్బు తీసుకుని ఇచ్చే సేవలో లోపం ఉంటే 2019 చట్టం కింద కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, హెల్ప్‌లైన్ నంబర్ 1915. అయితే లోపాన్ని రుజువు చేయడానికి కాగితం కావాలి. రోజువారీ రికార్డు లేని చోట వాదన మిగులుతుంది, ఆధారం మిగలదు. అందుకే ఆ చార్ట్ రాయించుకోవడం పిల్లికే కాదు, యజమానికీ అవసరం. నిజాయితీగా నడిపే సెంటర్‌కు కూడా అదే రక్ష.

వదిలే ముందు.. వదలకుండా ఉండే ముందు

నాలుగు రోజుల ప్రయాణానికి, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి, బోర్డింగ్ కన్నా ఇల్లే మంచిది. తాళం చెవి నమ్మకమైన పక్కింటివాళ్లకో, ఊరెళ్లని స్నేహితులకో ఇచ్చి, రోజుకు రెండుసార్లు వచ్చి తిండి, నీళ్లు, ట్రే చూడమని అడగాలి. రెండుసార్లు కుదరకపోతే కనీసం ఒకసారి. నాలుగు రోజుల తిండి ఒకేసారి గిన్నెలో పోసి తలుపేసి వెళ్లిపోవడం మాత్రం పనికిరాదు. మూత్రం ఆగిన పిల్లిని ఎవరూ చూడని ఇల్లు బోర్డింగ్ కన్నా ప్రమాదం. వచ్చేవాళ్లు ట్రే ఫొటో ఒకటి తీసి పంపితే సగం దిగులు తీరుతుంది.

అలాంటి మనిషి దొరకని వాళ్లు నగరంలో చాలామందే. వాళ్లకు బోర్డింగ్ తప్పదు. అలాంటప్పుడు సెంటర్‌ను పండక్కి రెండు వారాల ముందే వెళ్లి చూడాలి. కుక్కల అరుపులు పిల్లుల గదిలోకి ఎంత వినిపిస్తున్నాయో అక్కడ ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. 'ఇంతకుముందు ఉన్న పిల్లి చార్ట్ చూపిస్తారా?' అని అడగాలి. చార్ట్ ఉన్నవాళ్లు వెంటనే తీస్తారు. రాత్రిళ్లు మనిషి ఉంటారా, పండగ రోజు ఏ వెట్ తెరిచి ఉంటారు అన్నది పేరుతో సహా తెలుసుకోవాలి. కనుమ నాడు సగం క్లినిక్‌లు మూసి ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఫోన్ కలవకపోయినా చికిత్స ఆగకుండా ముందే రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి, ఖర్చుకు కొంత అడ్వాన్స్ ఉంచడం ఇంకా మేలు. గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరి దగ్గర ఉన్నవాళ్లకు ఫోన్ వినిపించదు మరి. గతంలో ఒక్కసారైనా మూత్రం ఆగిన మగపిల్లి అయితే బోర్డింగ్ ఆలోచన చేసే ముందే వెట్‌తో మాట్లాడాలి. వీలైతే ఆ వెట్ దగ్గరే ఉంచాలి. తడి ఆహారం అలవాటు చేసి పంపితే లోపలికి నీళ్లు ఎక్కువ వెళ్తాయి, మూత్రం పలుచనవుతుంది.

తిరిగొచ్చాక పిల్లి రెండు రోజులు మంచం కింద దూరితే కంగారు పడక్కర్లేదు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే, బోర్డింగ్ వాసన మోసుకొచ్చిన దాన్ని చూసి అది బుసలు కొడుతుంది. ఇద్దరినీ ఒకట్రెండు రోజులు వేర్వేరు గదుల్లో, వేర్వేరు ట్రేలతో ఉంచితే సర్దుకుంటాయి. ఇంట్లో కూడా బయట పోస్తే కొట్టడం, ముక్కు రుద్దడం లాంటివి చేస్తే ట్రే అంటేనే భయపడుతుంది. ఒత్తిడి వల్ల వచ్చే వాపు ఇంటికొచ్చాక కూడా బయటపడొచ్చు. కాబట్టి సెంటర్ చార్ట్ తీసుకొచ్చి, ఇంకో వారం పాటు ఇంట్లోనూ ఉండలు లెక్కపెట్టాలి.